గంటలోపు చెప్పాల్సిన పేరు

అక్టోబరు 3, 1833

ఈ పుస్తకాన్ని మఠం బడిలో మదర్ అనెస్ ఇచ్చారు, ప్రార్థనలు రాసుకోమని. ప్రార్థనలన్నీ గుర్తున్నాయి. అందుకని ఇది రాస్తున్నాను.

క్విబెక్ శాసనసభలో మా నియోజకవర్గం సభ్యుడు ఆగస్టులో జ్వరంతో పోయాడు. ఆ స్థానానికి నాన్న నిలబడుతున్నారు. ఈ రోజు భోజనం దగ్గర నన్ను పేరు పెట్టి పిలిచారు. "ఎమెరాన్స్, నీ దస్తూరీ బాగుంటుంది. నా జీవితం, నేను చేసిన పనులు ఒక కాగితంలో పట్టేట్టు రాసిపెట్టు. అచ్చు వేయించి పంచుతాను" అన్నారు.

అమ్మ పోయాక ఆయన నన్ను ఒక పని అడగడం ఇదే మొదలు.

అక్టోబరు 5

"ఆన్సెల్మ్ గ్రాన్‌బ్వా ఒక సామాన్య రైతు కుటుంబంలో పుట్టి, స్వశక్తితో నోటరీ అయి, అమెరికా వారితో యుద్ధంలో ఊరి దళానికి లెఫ్టినెంటుగా నిలిచి..."

పెలజీ అత్త బఠానీలు ఒలుస్తూ చదివించుకుంది. అత్తకు చదువు రాదు, కానీ ఎక్కడ అబద్ధం ఉందో చెవితోనే పట్టేస్తుంది.

"నిలిచాడంట! వంతెన దగ్గర మూడు వారాలు కాపలా కాశాడే పిల్లా. శత్రువు రాలేదు. జలుబు వచ్చింది. అది రాయి."

"అలా రాయకూడదత్తా."

"మరి జలుబుతో యుద్ధం చేశాడని రాయి."

రాయలేదు. కానీ నవ్వాను. అత్త నాన్నకు అక్క. భర్త పోయి పద్దెనిమిదేళ్లు. మూడు పొలాల అవతల తన భూమి తనే దున్నించుకుంటుంది.

అక్టోబరు 15

ఓటింగు మొదలైంది. చర్చి ఎదురుగా చెక్క వేదిక కట్టారు. మొదటి ఓటు పెలజీ అత్తది. ప్రతి ఎన్నికలోనూ అంతేనట. నల్ల శాలువా కప్పుకుని మెట్లెక్కి, ఆవుల్ని పిలిచినంత గట్టిగా "ఆన్సెల్మ్ గ్రాన్‌బ్వా!" అని అరిచి దిగింది. "పొలం నా పేరున ఉంది. గొంతు నాది. ఇంకేం కావాలి?" అంది నాతో.

నేను చర్చి గోడ పక్కన నిలబడి చూశాను.

అక్టోబరు 17

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం నాన్న ఇంట్లోకి పరుగెత్తుకొచ్చారు. ఆయన పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నాలుగు ఓట్లు వెనకబడ్డారట. నది మధ్య దీవిలో ఉన్న పదకొండు మంది ఓటర్లూ నాన్న మనుషులే, కానీ ఎదురుగాలికి పడవ ఆలస్యమైంది. చివరి ఓటు పడి ముప్పావు గంటైంది. గంటసేపు కొత్త ఓటు పడకపోతే, ఎన్నిక జరిపించే డాక్టర్ బార్త్ ఓట్ల పుస్తకం మూసేస్తాడు. అంతే, ఎన్నిక ముగిసినట్టు. ఒక్క ఓటు పడితే మళ్ళీ గంట మొదటినుంచి.

"నది ఒడ్డు పొలం మీ అమ్మ నీ పేరున పెట్టింది. నీకు ఇరవై రెండు నిండాయి. నడువు తల్లీ."

టోపీ కట్టుకున్నానో లేదో గుర్తులేదు. వేదిక మీద బల్ల, బల్ల మీద డాక్టర్ గారి గడియారం, పక్కన అవతలి అభ్యర్థి లకుర్సియేర్. ధాన్యం వ్యాపారి, పెద్ద మనిషి, పెద్ద పొట్ట. "ఈ పిల్లకి భూమి ఉందా? ప్రమాణం చేయించండి" అన్నాడు. బైబిలు మీద చెయ్యి పెట్టాను. మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. నాలుక పిడచకట్టుకుపోయింది.

"ఎవరికమ్మా?" అన్నారు డాక్టర్ గారు.

గొంతు రాలేదు. మళ్ళీ అడిగారు.

"మా నాన్నకి."

"పేరు చెప్పాలమ్మా. ఊళ్ళో నాన్నలు చాలామంది ఉన్నారు."

అందరూ నవ్వారు. ఆ నవ్వు నా ముఖానికి తగిలి, ఎందుకో తెలియదు, లోపల ఏదో తెరుచుకుంది. చెప్పాను. పూర్తి పేరు. నా గొంతు చర్చి గోడకు తగిలి తిరిగొచ్చింది. అది నాదేనని నాకు వెంటనే తెలియలేదు.

డాక్టర్ గారు నా పేరు పుస్తకంలో రాశారు. ఎమెరాన్స్ గ్రాన్‌బ్వా, భూమి యజమాని.

ఎక్కేటప్పుడు వణికాను. దిగేటప్పుడు వణకలేదు.

గంట లోపల దీవి పడవ వచ్చింది. క్లెయొఫాస్, అతని తమ్ముళ్ళు, మిగిలినవాళ్ళు, మొత్తం పదకొండు మంది, గాలికి ముఖాలు ఎర్రబడి, ఒకరి తర్వాత ఒకరు మెట్లెక్కారు. నాన్న ఎనిమిది ఓట్లతో గెలిచారు.

అక్టోబరు 18

భూమి యజమాని.

డిసెంబరు 27

పొయ్యి దగ్గర నాన్న, నేను మాత్రమే ఉన్నాం. ఆయన పైపు వెలిగించుకుంటూ, "ఆ రోజు వేదిక మీద నీకేమనిపించింది?" అని అడిగారు.

ఎవరూ ఎప్పుడూ నన్ను అలా అడగలేదు. మఠంలో ఏం చేశావని అడిగేవారు, ఏమనిపించిందని కాదు. మోకాళ్ళ సంగతి చెప్పాను. నాలుక సంగతి చెప్పాను. నవ్వు సంగతి, గొంతు గోడకు తగిలి రావడం, దిగేటప్పుడు వణక్కపోవడం, అన్నీ చెప్పాను. అంతసేపు ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన శ్రద్ధగా విన్నారు. మధ్యలో "మోకాళ్ళు కొట్టుకున్నాయా?" అని మళ్ళీ అడిగారు కూడా.

జనవరి 4, 1834

నాన్న శాసనసభ సమావేశాలకు క్విబెక్ వెళ్ళారు. స్లెడ్జి బండిలో ఎలుగుబంటి చర్మం కప్పాను. "ఉత్తరం రాస్తాను" అన్నారు.

జనవరి 20

ఉత్తరం రాలేదు. సభలో తీరిక ఉండదు.

ఫిబ్రవరి 1

తీరిక ఉండదు.

ఫిబ్రవరి 11

పత్రిక వచ్చింది. పేజీ మధ్యలో నాన్న పేరు. అత్త చేతులు తుడుచుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంది. "చదువు. మా తమ్ముడు ఏం వెలగబెట్టాడో విందాం."

ఎన్నికల చట్టం మీద చర్చ. అందులో ఒక నిబంధన: ఇకముందు ఏ ఎన్నికలోనూ ఆడది, కన్యగానీ భార్యగానీ వితంతువుగానీ, ఓటు వేయరాదు. దాన్ని సమర్థిస్తూ మాట్లాడినవాళ్ళలో కొత్త సభ్యుడు గ్రాన్‌బ్వా ఒకరు.

నేను ఒక పేరా దాటేశాను.

"అక్కడేదో మింగావు. చదువు."

"ఏం లేదత్తా."

"కోడిపిల్లని మింగిన పిల్లి కూడా అదే అంటుంది. చదవవే."

చదివాను. "సభ్యులారా, నా కన్నకూతుర్ని ఆ మెట్లెక్కించిన పాపం నాదే. మఠంలో పెరిగిన పిల్ల. దాని మోకాళ్ళు కొట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. నాలుక పిడచకట్టి తండ్రి పేరే పలకలేకపోయింది. ఊరి మగవాళ్ళంతా నవ్వారు. అలాంటి బిడ్డల్ని అల్లరిమూక ముందుకు ఈడ్చుకురాకుండా కాపాడటం మన బాధ్యత కాదా?" తరువాత 'చప్పట్లు' అని అచ్చు వేశారు.

దిగేటప్పటి సంగతి లేదు. పత్రికవాళ్ళు చోటు చాలక తీసేసి ఉంటారు.

అత్త వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తరువాత, "కన్య, భార్య, వితంతువు. ఆ మూడోది నేనేనా?" అంది.

"అవునత్తా."

"నా కోసం ఒక మాట ప్రత్యేకంగా వేశారన్నమాట. పెద్ద గౌరవమే." లేచి వెళ్ళి బఠానీ సూపు కలిపింది. అప్పటికే అది కలిపి ఉంది.

ఫిబ్రవరి 12

పత్రికవాళ్ళే తీసేసి ఉంటారు.

మార్చి 29

నాన్న వచ్చారు. చట్టం పాసయింది. ఆయనకు ఒక ముఖ్యమైన కమిటీలో చోటు ఇచ్చారట. నాకు ఒక ఎర్ర రిబ్బను తెచ్చారు.

అత్త గుమ్మం దగ్గరే నిలబడింది. కోటు కూడా విప్పనివ్వలేదు.

"ఇన్నేళ్ళుగా ఎవరికి వెయ్యమంటే వాళ్ళకి వేశాను. పోయిన శరత్కాలంలో నీకు వేశాను. అప్పుడు నా గొంతు తీపి. ఇప్పుడు ఎంగిలయిందా?"

"అక్కా, అది నీ గురించి కాదు. అందరినీ దృష్టిలో పెట్టుకుని చెయ్యాలి. మర్యాద..."

"నా మర్యాద నీకెందుకురా? దాన్ని నేను పద్దెనిమిదేళ్లుగా ఒక్కదాన్నే కాస్తున్నాను. దానికి కంచె వెయ్యమని నిన్ను పిలిచానా?"

"కొన్నాళ్ళు పోతే అర్థమవుతుంది."

"నాకిప్పుడే అర్థమయింది. అదే నీకొచ్చిన చిక్కు."

అత్త తన ఇంటికి వెళ్ళిపోయింది. మధ్యలో మూడు పొలాలే. అయినా దూరమే.

నాన్న నా వైపు చూసి, "నీకు మంచే జరిగింది. ఇక ఆ బాధ లేదు" అన్నారు. నేను ఆయన బూట్లు పొయ్యి దగ్గర ఆరబెట్టాను.

దిగేటప్పటి సంగతి అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఆయన చాలా అలసిపోయి ఉన్నారు.

జూన్ 8

ఏమీ లేదు.

ఆగస్టు 19

నది ఒడ్డు పొలం చూడటానికి వెళ్ళాను. ఓట్స్ చేను బాగా పండింది. కాసేపు నిలబడి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గట్టిగా ఒక పేరు పలికాను. ఎవరి పేరూ కాదు, నా పేరే. కాకులు లేచాయి.

అక్టోబరు 16

సభ రద్దయింది. నవంబరులో ఎన్నికలు. పోటీకి మళ్ళీ లకుర్సియేరే.

నాన్న మళ్ళీ తన జీవితం రాయమన్నారు. పాతదానికి కొత్త వాక్యాలు చేర్చాలి. ఆయన చెబుతుంటే రాశాను. "...ప్రజాప్రతినిధిగా స్త్రీల గౌరవాన్ని కాపాడిన చట్టానికి తన గొంతునిచ్చి..."

తన గొంతునిచ్చి. అక్కడ ఒక కామా తక్కువైంది. పెట్టాను.

నవంబరు 11

ఓటింగు రెండో రోజు. నాన్న ఆరు ఓట్లు వెనక. నది అంచుల్లో మంచు పేరుకుంది. దీవి వాళ్ళు మంచు కొట్టుకుంటూ దారి చేసుకుని రావాలి.

నవంబరు 12

నాన్న ఓడిపోయారు.

మధ్యాహ్నానికీ అవే ఆరు ఓట్లు. దీవి పడవ నది మధ్యలో కనిపిస్తోంది, చీమంత. చివరి ఓటు పడి అరగంట దాటింది. నాన్న ఇంటికి వచ్చారు. ఈసారి పరుగెత్తలేదు.

"మీ అత్త దగ్గరికి వెళ్ళు. డాక్టర్ బార్త్ కొత్త చట్టం విప్పి చూడలేదు. ఆ కట్ట వేదిక మీద బల్ల కాలు కింద పెట్టాడు, ఊగకుండా. నా కళ్ళతో చూశాను. అక్క వచ్చి పేరు చెబితే రాసుకుంటాడు. ఒక్క గంట చాలు నాకు."

మూడు పొలాలూ పరుగెత్తాను. అత్త పంది మాంసానికి ఉప్పు పట్టిస్తోంది.

"నా గొంతు మీ నాన్న నదిలో పారేశాడు. మంచు గడ్డకట్టాక కన్నం చేసి గాలం వేసుకోమను. దొరికితే నాకు చెప్పమను."

"పదకొండు మంది వస్తున్నారత్తా. పాపం, మంచులో."

అత్త చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "వాళ్ళని చూస్తే జాలిగానే ఉంది. కానీ నేను రాను. నిన్నూ పిలుస్తాడు చూడు."

తిరిగొచ్చేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నారు. నన్ను ఒక్కదాన్నే చూసి, ఏమీ అడగకుండా, నా శాలువా తెచ్చి అందించారు.

వేదిక ఎక్కాను. చట్టాల కట్ట నిజంగానే బల్ల కాలు కింద ఉంది, తాడు కూడా విప్పకుండా. లకుర్సియేర్ జేబులోంచి పాత పత్రిక తీశాడు.

"నోటరీ గారూ, ఫిబ్రవరిలో మీరు చెప్పింది ఇది. ఈ అమ్మాయేగా? ఈ మోకాళ్ళేగా?"

జనం గొల్లున నవ్వారు. నాన్న ముఖం కదలలేదు. "పోయినసారి ఓటు వేసింది. భూమి ఉంది. డాక్టర్ గారికి అభ్యంతరం ఉందా?"

"ఆ కట్టలో చట్టం ఉంది డాక్టర్ గారూ, విప్పండి!" అన్నాడు లకుర్సియేర్.

"విప్పితే బల్ల ఊగుతుంది. సిరా ఒలుకుతుంది" అన్నారు డాక్టర్ గారు. "నోటరీ గారు చట్టం తెలిసినవారు. ఆయననే అడుగుదాం. విప్పాలా, అయ్యా?"

"అవసరం లేదు" అన్నారు నాన్న.

లకుర్సియేర్ పత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చెప్పనివ్వండి మరి. ఎలా వణుకుతుందో మేమూ చూస్తాం."

గంట నిండటానికి గడియారంలో నాలుగు నిమిషాలున్నాయి. డాక్టర్ గారు ఒకసారి అడిగారు. రెండోసారి అడిగారు. మూడోసారి అడిగారు.

నాకు గొంతు రాలేదు. భయం వేసింది. అందరూ చూస్తున్నారు. నాకెప్పుడూ అంతే, అందరికీ తెలుసు.

డాక్టర్ గారు పుస్తకం మూశారు.

పది నిమిషాల తరువాత పడవ ఒడ్డుకు చేరింది. పదకొండు మందీ వేదిక వరకూ వచ్చారు. బూట్ల నిండా నీళ్ళు, మీసాల మీద మంచు. క్లెయొఫాస్ మూసిన పుస్తకం వైపు, నా వైపు చూశాడు.

"ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేదటగా అమ్మాయిగారూ" అన్నాడు. కోపంగా కాదు. అడిగినట్టు.

భయం వేసిందని చెప్పాను.

నవంబరు 13

భయం వేసింది.

నవంబరు 14

క్లెయొఫాస్ తమ్ముడికి రెండు కాలివేళ్ళు మంచుకి నల్లబడ్డాయట. డాక్టర్ బార్త్ దీవికి వెళ్ళారు.

నవంబరు 25

సెయింట్ కాథరీన్ పండుగ. పెళ్ళికాని ఆడపిల్లల పండుగ కాబట్టి బెల్లప్పాకం నేనే కాచి సాగదీశాను. నాన్న ఒక ముక్క తీసుకుని, తల నిమిరి, "ఇంకా దిగులుపడుతున్నావా? నీ తప్పేం లేదు తల్లీ" అన్నారు. "నేను సభలో చెప్పింది ఇదే కదా. ఆడవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. అందుకే ఆ చట్టం కావాలన్నాను. నా మాటే నిజమైంది."

చెబుతుంటే ఆయన ముఖంలో ఒక రకమైన తృప్తి. ఓడిపోయాక మొదటిసారి.

తరువాత, తన జీవితం రాసిన కాగితంలో ఒక వాక్యం చేర్చమన్నారు, ఎప్పటికైనా పనికొస్తుందని. "తన సిద్ధాంతం నిజమని సొంత ఓటమితోనే రుజువు చేసిన..." అక్కడ ఆగి, మిగిలింది నన్నే పూర్తి చెయ్యమన్నారు.

పన్నెండో తేదీన ఈ పుస్తకంలో అబద్ధం రాశాను. ప్రార్థనల కోసం ఇచ్చిన పుస్తకం. అందుకని సరిదిద్దుతున్నాను.

మోకాళ్ళు కొట్టుకోలేదు. నాలుక ఎండలేదు. లకుర్సియేర్ నవ్వు నాకు ఆనలేదు. చెప్పాలనే మెట్లెక్కాను. మూడు పొలాలు పరుగెత్తింది కూడా నిజంగానే. నీళ్ళలో వస్తున్న పదకొండు మందీ నాకు కనిపిస్తూనే ఉన్నారు. డాక్టర్ గారు రెండోసారి అడిగినప్పుడు పేరు నాలుక చివరే ఉంది. నోరు కూడా తెరిచాను.

అప్పుడు నాన్న జనం వైపు తిరిగి, నా భుజం మీద చెయ్యి వేసి, "కొంచెం ఆగండి, పాపం దీనికి భయమెక్కువ" అన్నారు. క్విబెక్‌లో కూడా అదే గొంతుతో అని ఉంటారు.

నోరు మూసుకున్నాను. మూడోసారి అడిగినప్పుడు గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. మూడు నిమిషాలు చాలా పొడవు. ఒక్క నిమిషం కూడా వణకలేదు. దిగేటప్పుడు కూడా వణకలేదు.

క్లెయొఫాస్ తమ్ముడి వేళ్ళు రెండూ తీసేశారు. అవి ఊరికే పోయేలా చేసింది నేనే. ఎవరికీ చెప్పలేను. చెబితే ఆ పనికి కారణం చెప్పాలి.

ఆ వాక్యం ఇంకా పూర్తి చెయ్యలేదు. నాన్న పొయ్యి దగ్గర పైపు వెలిగించుకుంటున్నారు. ఈ రోజు తీరికగా ఉన్నారు. ఆ రోజు నీకేమనిపించింది అని ఇంకొక్కసారి అడిగితే అంతా చెప్పేస్తాను. నన్ను నేనెరుగుదును.

అడగలేదు. బెల్లప్పాకం ఇంకొక ముక్క అడిగారు.